ఏడో ఛానెల్

ఆరు రెక్కలు. మూడు ఇటు తిరిగితే మూడు అటు.
అయినా ఒక్క మాట మీదే ఉంటాయి.
కడుపు కింద పాత కెమెరా.
దాని నెత్తిన చిటికెన వేలంత సర్వో మోటారు,
మోటారు కొసన ప్లాస్టిక్ చెయ్యి,
చేతి కొసన జిగురుతో అంటించిన
మా ఇల్డా రబ్బరు ముక్క, పంటిగాట్లతో సహా.
అదే మా వేలు.
నూట ఇరవై అడుగుల ఎత్తున బటన్ నొక్కే వేలు.

నా బొటనవేలు ఇక్కడ పడవలో ఉంది,
ఉప్పుకు పగిలి, రిమోట్ మీద ఏడో ఛానెల్ మీటపై.
ఇక్కడ తోస్తే అక్కడ నొక్కాలి.
మధ్యలో ఉన్నదంతా గాలి.
గాలికి ఒక మాట అప్పజెప్పి
జవాబుకు చెవి ఒగ్గి నిలబడటం
పీకు దీవిలో పుట్టినవాళ్ళకు కొత్త కాదు.

కొండ మీద తెల్ల గుడిసెలో జెఫెరీను ముసలాయన.
ఒకప్పుడు అక్కడి నుంచే తారాజువ్వ వదిలేవాళ్ళు.
తింటున్న రొట్టె వదిలేసి, మంగలి కుర్చీలో సగం గడ్డం వదిలేసి
మగాళ్ళంతా బల్లేలతో రేవుకు ఉరికేవాళ్ళు.
ఇప్పుడూ అదే గుడిసె, అవే బైనాక్యులర్లు.
చేతిలో మాత్రం రేడియో.
"వాయవ్యం. రెండు ఊపిరులు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది."
తిమింగలం అనడు. ఎప్పుడూ ఊపిరి అనే అంటాడు.

మేం వచ్చింది కొలవడానికి, అంతే.
తల నుంచి తోక దాకా ఎన్ని మీటర్లు,
తల్లి ఈ ఏడు చిక్కిందా, బిడ్డ ఒళ్ళు చేసిందా.
నిట్టనిలువుగా పైనుంచి ఒక్క ఫోటో చాలు.

తోశాను.
వినపడదు. అదే చిక్కు.
చేతిలో కెమెరా అయితే ఆ టక్కుమనడం ముందు ఎముకకు తెలుస్తుంది.
ఇక్కడ రెక్కల రొద, అలల రొద,
గాలిలో దీపం పెట్టి దేవుడా అన్నట్టు నేను.
మళ్ళీ తోశాను. మళ్ళీ.
బ్యాటరీ పద్దెనిమిది శాతమని బీప్ మొత్తుకుంది.
"పడిందా?" అన్నాడు బెల్మీరు.
"పడిందనే అనుకుంటున్నా."
ఈ ఉద్యోగంలో నేను ఎక్కువసార్లు అన్న మాట అదే.
కాపురంలో కూడా.

ఊగే పడవ మీద అది దిగలేదు.
బెల్మీరు చేతులు చాచి
కోడిని పట్టినట్టు కాళ్ళు దొరకబుచ్చుకున్నాడు.

సాయంత్రం రేవులో, చేపల పెట్టె మీద ల్యాప్‌టాప్.
మొదటి ఫోటోలో మేమే. చింతగింజంత పడవ,
బెల్మీరు బట్టతల, నోరు తెరుచుకుని నేను.
ఎప్పుడు నొక్కానో గుర్తే లేదు.
తర్వాత పదకొండు నీలాలు. ఉట్టి నీలాలు.
చివరిదాంట్లో
నీటి మీద నూనె పోసినట్టు నున్నటి గుండ్రం,
పక్కనే దానిలో మూడో వంతు ఇంకొకటి.
తోక ఊపి దిగిపోయాక మిగిలే అడుగుజాడలు.
వేలికీ రబ్బరుకీ మధ్య ఒక రెప్పపాటు.
అందులోంచి ఇద్దరూ జారిపోయారు.

పొడవు అన్న గడిలో "లేదు" అని రాశాను.

జెఫెరీను కొండ దిగొచ్చి
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, స్క్రీన్‌కు ముక్కు ఆనించాడు.
"వయసులో పడవ ముక్కున నిలబడేవాణ్ణి.
బల్లెం ఎత్తేసరికి ఇదే మిగిలేది.
ఇంటికెళ్ళి గిన్నెల మీద అరిచేవాణ్ణి."
చిన్న గుండ్రం చుట్టూ గోటితో మెల్లగా గీశాడు.
"నెల నిండలేదు దీనికి. తోకకు ఇంకా బలం రాలేదు.
అంచు చూడు, ఎలా వణికిందో."
ఆ సంగతి రాయడానికి నా పట్టికలో గడి లేదు.

రాత్రి వంటింట్లో మర పావు చుట్టు బిగించాను.
రబ్బరు ఊడదీసి మళ్ళీ అంటించాను.
కెమెరాకు చెవి ఆనించి ఇల్డా బల్ల కింద కూచుంది.
నేను పక్క గదిలోకి వెళ్ళి, తలుపు వేసి, తోశాను.
ఏమీ లేదు. కుళాయి చుక్క. కుక్క గోళ్ళ చప్పుడు.
అప్పుడు గోడ అవతలి నుంచి,
"పడిందమ్మా!"
"ఇంకోసారి," అన్నాను.