యవల లెక్క

తొమ్మిదో క్లాసు, బి సెక్షన్, మధ్యాహ్నం రెండో పీరియడు.
బోర్డు మీద రెండు నదులు గీశాను.
టైగ్రిస్‌కి నీలం సుద్దముక్క దొరికింది,
యూఫ్రటీస్ తెల్లగానే పారింది.
"ఈ రెంటి నడిమి నేలే మెసపొటేమియా" అన్నాను.
వెనక బెంచీలోంచి ఎవడో,
"మన నడిమి ఏం పారతయ్ సార్?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.
మార్కాపురంలో ఆ ప్రశ్నకి ఇంకో జవాబు లేదు.
గుండ్లకమ్మ ఎటో పక్కనించి తప్పుకుని పోతుంది,
కొండలో సొరంగం తవ్వుతూనే ఉన్నారు.
నైలు వరదని చూసి ఈజిప్టు వాళ్లు
ఏడాదిని మూడు కాలాలు చేసుకున్నారట.
మా వీధి వారాన్ని రెండు చేసుకుంది:
ట్యాంకరొచ్చిన రోజు,
రాని రోజులు.

ఉర్, ఉరుక్, నిప్పూర్...
"నిప్పూరు కనిగిరి పక్కనా సార్?"
కాదురా, అది చెవి చేసే పొరపాటు అన్నాను గానీ
ఆ పొరపాటుని తుడవబుద్ధి కాలేదు.

తడిమట్టిని అరచేతి మందాన అద్ది
రెల్లుపుల్లతో గుచ్చి గుచ్చి రాసేవాళ్లు,
అదీ అప్పటి పలక, అన్నాను.
పలక అంటే చాలు ఈ ఊళ్లో తలలు వాటంతటవే లేస్తాయి.
ఎన్నో ఇళ్లు పలకల మీద తిన్నాయి,
తిన్న ఇళ్లే పలకపొడికి దగ్గాయి.

కాశింబీ లేచింది.
"ముందుగాల ఏం రాసుకున్నారు సార్ దానిమీద? దేవుడి పేరా?"

దేవుడి పేరు కాదు, రాజు పేరూ కాదమ్మా.
యవలు.
పనిచేసినోళ్లకి ఎవరికెన్ని కొలతలు ముట్టాయో.
మగమనిషికి ఇంత,
ఆడమనిషికి అందులో సగం,
పిల్లకి ఇంకా తక్కువ.

"మాయమ్మక్కూడా అంతే" అని కూర్చుంది,
ఒక మార్కు ప్రశ్నకి జవాబు చెప్పినట్టు.

మర్నాడు సంచిలోంచి ఓ పలక తీసింది.
చట్రం లేదు. ఒక మూల విరిగింది.
వాళ్ల తాత హుసేనయ్యది, గనిలోకి దిగినవాడు.
మేకుతో గీసిన గీతలు:
నాలుగు నిలువు, వాటి మీద ఒక అడ్డం,
మళ్లీ నాలుగు, మళ్లీ అడ్డం,
పలక నిండా, చీమలబారులా.

"చదువు రాదు సార్ ఆయనకి.
బండ్ల లెక్కో, దినాల లెక్కో, మేస్త్రి దగ్గర అప్పో,
ఎవురికీ తెలవదు."

ఆఖరి వరసలో మూడు గీతలే ఉన్నాయి.
"తర్వాత?"
"దగ్గు" అంది.

వేలితో తడిమాను.
హరప్పా ముద్రల ముందు ఎంతెంతో చదివినవాళ్లు కూడా
ఇట్లాగే తడుముకుంటున్నారని చెబుదామనుకున్నాను.
నోరు రాలేదు.

ఈ రాయీ ఒకప్పుడు మట్టే.
ఏ నీటి అడుగునో మెత్తగా పేరుకున్న బురద,
పైబరువుకీ లోవేడికీ పొరలు పొరలుగా బిగిసింది.
అక్కడి మట్టిని మనుషులు ఎండబెట్టారు, కొంత కాల్చారు.
ఇక్కడిది తనకు తానే కాలింది,
చూసేవాడు పుట్టకముందు.
ఆ తర్వాత చాలా ఆలస్యంగా వచ్చాడు
హుసేనయ్య, ఉలి పట్టుకుని,
పొరకీ పొరకీ మధ్య సందు వెతుక్కుంటూ.

బోర్డు మీద నిన్నటి నదులు ఇంకా ఎవరూ చెరపలేదు.
వాటి పక్కనే ఆ గీతలు ఎక్కించాను,
నాలుగు, అడ్డం, నాలుగు, అడ్డం.
చివరి మూడు దగ్గర చెయ్యి ఆగింది.
పిల్లలు ఎవరూ చెప్పకుండానే నోట్సులో రాసుకున్నారు.

"దీన్ని మన అద్దాల బీరువాలో పెడదాం కాశింబీ,
గ్లోబు పక్కన" అన్నాను.

"కుదరదు సార్" అంది పలక సంచిలో దోపుకుంటూ,
"నీళ్లబిందె మీద మూత ఇదే మాకు.
రేపు ట్యాంకరొచ్చే రోజు."