ఇనుము-7

బీసెంట్ రోడ్డు వెనక సందులో
మెట్ల కింద ఇరుక్కున్న క్యాసెట్ల కొట్టు.
కృపానిధి గారికి ఆ బ్యాండ్ల పేర్లు నోరు తిరగవు,
రాయడం అంతకన్నా రాదు.
ఎవరో మద్రాసు నుంచి తెచ్చిన టేపుల్ని
నా క్యాసెట్లలోకి ఎక్కించి
అట్ట మీద నీలం సిరాతో, గుండ్రటి తెలుగులో
'ఇనుము-1' అని రాసిచ్చేవాడు.
తర్వాత 'ఇనుము-2'. తర్వాత మూడు.
పధ్నాలుగు దాకా వెళ్లాం ఇద్దరం.

ఎనభై తొమ్మిది అది.
పాడేదెవరో తెలీదు, ఏమంటున్నారో తెలీదు.
డ్రమ్ములు మొదలవగానే
ఇంటర్ తప్పిన కుర్రాడి వీపు నిటారుగా లేచేది,
అంతవరకే తెలుసు.
అసలు పేర్లు ఇరవై ఏళ్లకి తెలిశాయి.
తెలిసి, కాస్త చిన్నబుచ్చుకున్నాను.

నాన్న ఆటోనగర్‌లో లారీలకి బాడీ కట్టేవాడు.
ఓ రాత్రి గుమ్మంలో చెప్పులు విప్పుతూ విని
"పొద్దుట్నుంచీ షెడ్డులో ఇదే గదరా,
దీనికి డబ్బులు పోసి కొనాలా?" అన్నాడు.
తిట్టలేదు.
కాళ్లు కడుక్కోడానికి వెళ్తూ వెళ్తూ
తల రెండుసార్లు ఊపాడు, సరిగ్గా దెబ్బకి దెబ్బ.
ఊపినట్టు ఆయనకే తెలీదు.

గిటారు గుణదలలో దొరికింది,
చర్చి క్వయర్ మానేసిన ఒకాయన దగ్గర, ఆరొందల యాభైకి.
తీగ తెగితే లూనా క్లచ్ వైరులోంచి
ఒక పోగు విప్పి బిగించాను. పలికింది, ఏడుస్తూ.
మే నెల బెజవాడలో శ్రుతి నిలబడదు.
పొద్దున కట్టింది మధ్యాహ్నానికి జారిపోతుంది,
చెమటకి తుప్పెక్కిన తీగలు
వేళ్ల మీద ఎర్రటి గీతలు పెడతాయి.
కలుపుకున్న పప్పన్నంలో కూడా ఇనుము వాసన.

నేర్పేవాళ్లు లేరు.
ప్లే, వెనక్కి, ప్లే, వెనక్కి,
నాలుగు సెకన్ల ముక్కకి నాలుగు నెలలు.
వచ్చిన రోజు చెప్పుకోడానికి మనిషి దొరక్క
ఏలూరు కాలవ గట్టున సైకిలు తొక్కుతూ
నోటితోనే వాయించుకుంటూ
రామవరప్పాడు దాకా పోయాను.

పెళ్లయిన కొత్తలో వరూధిని అడిగింది:
"ఎందుకలా అరుస్తాడు?
ఎవడైనా చీటీ డబ్బులు ఎగ్గొట్టాడా?"
ఇప్పటిదాకా అంతకన్నా మంచి జవాబు నాకు తట్టలేదు.

మొన్న సూర్యారావుపేటలో చెవి డాక్టరు
"మిషన్ల దగ్గర పనా?" అన్నాడు.
ఎల్లైసీలో గుమాస్తానండీ, అన్నాను.
"హోరు ఎలా ఉంటుంది?"
లావు తీగని అర మెట్టు దించి
మీటి వదిలేసినట్టు, అన్నాను.
రాసుకోలేదు.

ఉంగరం వేలు ఇప్పుడు మడత పడదు.
వేగం పోయింది.
పోయాకే గానీ తెలీలేదు,
బరువంతా మోతలో ఉందనుకున్నాను ఇన్నాళ్లూ.
కాదు. రెండు దెబ్బల మధ్య
అరచేతి మడమతో తీగల్ని అదిమిపడతామే,
అక్కడ ఉంది.

ఇనుము-7, రెండో వైపు.
పాటలు టేపు కన్నా ముందే అయిపోతాయి.
కొత్త క్యాసెట్టుకి డబ్బుల్లేక
ఇంట్లో ఉన్నదాని మీదే ఎక్కించమన్నాను ఆ రోజు.
ఆఖరి గిటారు సాగి సాగి ఆగాక
ఒక టక్కు, దాని కింద నాన్న,
టేప్‌రికార్డర్ కొన్ననాటి నాన్న:
"హలో... పడతందా ఇది? ఏం మాట్లాడమంటారు...
సరే, రేపటి సంగతి. చిలకలూరిపేట బండి.
పద్దెనిమిది అడుగులు.
టేకు దొరకలా. మద్ది వేద్దాం..."
టక్.

ముందు ముప్పావుగంట ఏం చెప్పాడో
దాని మీద డ్రమ్ములు పోయించింది నేనే.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
ఆంప్లిఫయర్ లేని ఎలక్ట్రిక్ గిటారుది దోమ గొంతు.
బ్యాటరీల టేపులో ఆయన్ని పెట్టి
మాటకి ఒక దెబ్బ వేస్తూ,
ఆయన ఊపిరి తీసుకున్న చోటల్లా
అరచేయి తీగల మీద ఆన్చి కూర్చున్నాను.
ఎంతసేపో.

వరూధిని విసనకర్రతో తలుపు దగ్గర నిలబడి
"ఎన్ని అడుగులన్నారు?" అంది.