ఇగ సాలు

నీలం గుడ్డ మీద మూడు కాడలు పరిచింది సలోమి సిస్టర్.
మూడూ టైటానియమే. మూడింటికీ సిమెంటు అక్కర్లేదు.

ఒకటి పలచన. పైన వెడల్పు, కిందికి సన్నం,
భుజాల దగ్గర మాత్రమే గరుకు,
తొడ ఎముక నెత్తిన చీలలా దిగి నిలబడే రకం.
ఇంకొకదానికి ఒళ్లంతా తెల్లటి పూత,
ఎముకలో ఉండే సున్నమే.
మెడ కింద చిన్న అంచు,
ఇంతకంటే దిగనని మొండికేసినట్టు.
మూడోది పొడుగు, గుండ్రన, కొస దాకా గరుకు.
తొడ నడుమ గట్టి ఎముకను కరిచి పట్టుకుని
పైనున్న ఎముకకు పని లేకుండా చేస్తుంది.
పని లేని ఎముక ఏడాదికేడాది పలచబడుతుంది,
ఎక్స్‌రేల్లో చూస్తూనే ఉన్నాను,
వాన తిన్న గోడలా.

నెల కింద హన్మకొండ ఓపీలో
ఇవే చూపించాను ఆయనకు.
గాజె ఓదెలు, అరవై ఒకటి, భూపాలపల్లి.
ముప్పై రెండేళ్లు బొగ్గుబాయిల టింబర్‌మన్.
తుంటి బంతి రక్తమందక కుంగిపోతే
పరకాల మీదుగా బస్సులో, నిలబడే వచ్చాడు.
కూర్చుంటే లేవలేనని.

నేను పదేళ్ల ఫలితాలు చెబుతున్నాను, శాతాలతో సహా.
ఆయన మొదటి కాడను గోటితో కొట్టి
చెవి దగ్గర పెట్టుకున్నాడు.
"గిది మా చీలనే గదా మేడం.
దిమ్మె నిలవెట్టి, కప్పుకు దిమ్మెకు నడుమ
చెక్క చీల కొడ్తుంటిమి.
మాలు లేదు, బంక లేదు.
కప్పు బరువే దాన్ని బిగిస్తది.
బరువు పడకుంటే ఊడి పడ్తది."

మరి ఈ పొడుగుదో?
"మంచిదే. పైన కర్ర పుచ్చినోనికి."

శాతాలు ఆపేశాను.

ఇవాళ నడుము కిందికే మత్తు.
తెర అవతల ఓదెలు మేలుకునే ఉన్నాడు.
ఆకురాయిని ఒక్కో సైజు పెంచుతూ దించుతున్నాను.
సుత్తి దెబ్బ, డుబ్బు డుబ్బుమని, తడి మట్టిలో పడ్డట్టు.
ఇంకో సైజు.
శబ్దం సన్నబడింది.
ఇంకొకటి.
ఠణ్.

కంప్యూటర్లో గీసుకున్న లెక్క
ఇంకో సైజు పడుతుందంటోంది.
సుత్తి ఎత్తాను.

"ఇగ సాలు."

తెర వెనక నుంచి, మత్తు మందు తడిపిన గొంతు.
సలోమి చెయ్యి గాల్లోనే ఆగింది.
మత్తు డాక్టరు నవ్వబోయి
నా మొహం చూసి మానుకున్నాడు.

"బిగిసింది మేడం. గీ సప్పుడు నాకెరుక.
ఇంకోటి ఏస్తే దిమ్మె పగుల్తది."

లైటు వంచి చూశాను.
ఎముక అంచున వెంట్రుకంత గీత,
లేక రక్తపు చారో.
గుడ్డతో తుడిస్తే పోయింది.
పోయిందనే అనుకున్నాను.
అదే సైజు కాడ ఇవ్వమన్నాను.

అక్కడికి నా బిగింపు అయిపోయింది.
ఇక మిగిలింది ఆయన ఎముకది,
ఆ గరుకు సందుల్లోకి వేలు పెట్టుకుని
వారాల తరబడి పాకాలి.
దానికి సుత్తి పనికిరాదు.

ఆరు వారాలకు చేతికర్రతో వచ్చాడు.
ఎక్స్‌రే వెలుగులో పట్టి చూశాను, కాడ కదల్లేదు.
"ఎట్లుంది?"
"లోపల సప్పుడే లేదు మేడం."

బాయిల సప్పుడు లేకపోవడం
మంచికో చెడుకో
అడుగుదామనుకునే లోపు
పరకాల బస్సుకు టైమైందని
నడుచుకుంటూ వెళ్లిపోయాడు.