పసుప్పచ్చ సంచి

పదహారేండ్ల సంది కాన్పుల వార్డుల ఆయాను.
మట్టెవాడ దవాఖాన, రాత్రి డ్యూటీ.
బిడ్డను తల్లి రొమ్ముకు అందిచ్చి
మాయను పసుప్పచ్చ సంచిల ఏసి
మూతి ముడేసి బండి మీద పెట్టేది నా పని.
మా అత్త కాలంల ఇంటెనుక గుంతదీసి పాతేది,
కుక్కలు తొవ్వకుండ మీద రాయి వెట్టేది.
నా కాలంల బరువు రాసి సంతకం జెయ్యాలె.
ఎన్ని సంచులు మోసిన్నో లెక్క వెట్టలె.

ఇంటికాడ మొగిలి మూలకు పడ్డడు.
ఎనుమాముల యార్డుల మిర్చి బస్తాలు మోసిన భుజం,
ఇప్పుడు గొంగడి కప్పితె జారిపోతది.
ఘాటుకు దగ్గు, దగ్గుకు క్వార్టరు,
క్వార్టరు మీదికి ఆదివారం కార్జం ఏపుడు.
మేకది తినుకుంట తనదే తింటున్ననని
ఎవలు జెప్పినా ఇనకపోవు.
కండ్లు పచ్చబడ్డంక
పరకాల తీస్కపోయి పసిరికల మందు పోయిచ్చిన.
మూడు ఆదివారాలు, ఉప్పు లేని బువ్వ.
నాలుగో ఆదివారానికి పొట్ట లేసింది.
నెలలు నిండిన పొట్ట. బొడ్డు బైటికి తన్నింది.
నేను రోజూ చూసే పొట్టలల్ల అదొక్కటే
ఎన్ని నొప్పులొచ్చినా దిగనిది.

ఎంజీఎంల సూదేసి నీళ్లు తీసిన్రు, ఐదు లీటర్లు.
వారానికి మల్ల నిండింది.

నిసార్ సారు కాయిదాలు పరిచిండు.
"ఇంకా పరీక్షల్నే ఉన్నదమ్మా. పని జేస్తదని మాటియ్య.
మూలకణాలంటరు. హైదరాబాదుకు పోవాలె.
చెడిన కార్జం కాడికి పోయి
మంటను సల్లార్పుతయని ఆశ. అంతే, ఆశ.
చుక్క ముట్టద్దు. ముట్టితె పేరు కొట్టేస్తరు."
ఏడికెల్లి తెస్తరు సారూ అని అడిగిన.
"బొడ్డుతాడుల నుంచి. కాన్పయినంక పారేస్తరు గద, దాంట్లకెల్లి."

పారేస్తరు గద.
నా చేతులు కొంగుల దాసుకున్న.

మూల అంటె నాకెరుకైంది ఒక్కటే:
చీపురు, తెగిన చెప్పులు, మొగిలి మంచం.
ఇప్పుడు మూల అంటె మొదలట.

హైదరాబాదుల పరుపు మీద ఆయన అడిగిన మొదటి మాట:
"ఎవల పిల్లదే?"
తెల్వదన్న.
"ఆడా, మొగా?"
సిస్టరు నవ్వింది, గట్ల రాసుండదన్నది.
మా సంధ్య పుట్టిన రాత్రి
బెల్టుషాపు బెంచి మీద పండిన మనిషి,
బిడ్డ బొడ్డు ఊడిన సంగతి గూడ తెల్వనోడు,
ఎవల పిల్ల కోసమో కండ్లు తుడుసుకున్నడు.
నాకు కోపమొచ్చింది. అబద్ధమెందుకు,
సూది వెట్టిన ఆ చెయ్యిని ఇసిరి కొట్టబుద్ధయింది.

సన్నటి పైపుల తెల్లటి నీళ్లు,
గంజి మీది తేట లెక్క.
గంట సేపు. అంతే.

నెలన్నరయింది. రిపోర్టుల అంకెలు
ఒకటి దిగుతది, ఒకటి ఎక్కుతది.
నిసార్ సారు "చూద్దాం" అంటడు,
ఆ మాటకు రెండు దిక్కుల పదునున్నది.
పొట్ట జెర మెత్తబడ్డది. కణాలతోనా,
తాగుడు బందయినందుకా, ఉప్పు మానినందుకా,
ఎవలకెరుక? సారుకు గూడ ఎరుకలేదు,
లేదనే చెప్పిండు, అందుకే ఆ సారంటె నాకు గురి.

మొగిలి మాత్రం కుడి పక్కబొక్కల కింద
అరచెయ్యి వెట్టుకొని పంటడు.
బెల్టుషాపు ముందటికెల్లి పోవాల్సొస్తె
"మెల్లగ నడువే, పసిది నిద్రపోతాంది" అంటడు.

నిన్న రాత్రి గీసుకొండ పిల్లకు తొలి కాన్పు.
తాడు కోసిన్రు. నీలంగ, ఇంకా వెచ్చగనే ఉన్నది.
సంచి మూతి పట్టుకొని నిలవడ్డ.
సిస్టరు కేకేసింది, ఏందమ్మా, తెల్లారేదాక గట్లనే నిలవడ్తవా?
ముడేసిన. బరువు రాసిన,
ఐదు వందల ముప్పై గ్రాములు.
సంతకం జేసిన.

రేపు యార్డుల లెక్కల దినం.
పాత బాకీ కూలి ఇస్తమని మేస్త్రి ఫోను జేసిండు.
మొగిలి అంగీ ఇస్త్రీ చేపిచ్చుకున్నడు.
ఒక్కన్నే పోయొస్తనన్నడు.