తాడుకు ఆ కొస

పటాల్లో ఈ ఒడ్డు పేరు మృత్యుతీరం.
గలీసియాకు చిట్టచివర,
నేల ఇక చాలనుకుని ఆగిపోయిన చోటు.
పిల్లలకు నడకకన్నా ముందు నేర్పే మాట ఇక్కడ ఒకటే:
సముద్రానికి వెన్ను చూపకు.

నేను చూపాలి.
బండను కరుచుకున్న పెర్సెబేలను,
ముసలి గుర్రం గిట్టల్లాంటి ఆ నల్లటి గుత్తుల్ని
గీకి తీయాలంటే
రెండు చేతులూ బండకే ఇవ్వాలి, కళ్ళూ బండకే.
అలను చూసే పని
తాడుకు ఆ కొసన ఉన్నవాళ్ళది.

నిరుటి దాకా ఆ కొసన అన్న బ్రైస్.
కాదు, తప్పు చెప్పాను.
కింద ఉన్నది బ్రైస్. పైన ఉన్నది అమ్మ.

రాతి అంచుకు తాడు కోసుకుపోయి
తేలిగ్గా పైకొచ్చిందట.
ఆ తేలికదనం గురించి అమ్మ ఇప్పటికీ మాట్లాడదు.
మిగిలిన ముక్కను చుట్టచుట్టి
వంటింట్లో దేవమాత పటం కింద పెట్టింది.
ఫాదర్ అన్సెల్మో వచ్చినప్పుడు కాఫీ ఇచ్చి,
"ఆ రోజు దేవుడు ఎటు చూస్తున్నాడు?" అని అడిగింది.
కాఫీ చల్లారేదాకా కూర్చున్నాడాయన.
"నాకు తెలియదు, ఒబ్దూలియా" అన్నాడు చివరికి.
ఆ జవాబు విన్నాకే
అమ్మ మళ్ళీ ఆదివారం పూజకు వెళ్ళడం మొదలుపెట్టింది.

పడవ అప్పు మిగిలింది.
క్రిస్మస్ ముందు కిలో ధర బంగారం.
కొత్త తాడు కొన్నాం. నేను దిగాను.

"కొడుకును జారవిడిచిన చేతుల్ని నమ్మి
ఎలా దిగుతున్నావే?" అంది
చేపల వేలంలో ఎర్మెలిండా.
"నువ్వు ఆదివారం మోకరించేది ఎక్కడ?
కొడుకు పోయిన ఇల్లే కదా అదీ" అన్నాను.
పెద్ద మాట. తెగువతో అన్నానేగాని
ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కింద, భయం గొంతులో ఉండదు. మోకాళ్ళలో ఉంటుంది.
అలకూ అలకూ మధ్య
ఒక మంగళవార్త జపం పడుతుంది,
గబగబా చదివితే ఒకటిన్నర.
అందులో రెండు వేళల కోసం ఆమెను బతిమాలతాం:
ఇప్పుడు ఒకటి, మరణ సమయం ఒకటి.
గుడి బల్లమీద కూర్చుంటే
ఆ రెంటి నడుమ బోలెడన్ని ఏళ్ళున్నట్టే ఉంటుంది.
ఇక్కడ చెయ్యి దూరేంత సందు లేదు.

ఆ మంగళవారం నా లెక్క తప్పింది.
ముందు తాడు నడుమును కోసింది,
తరువాత వచ్చింది నీళ్ళ గోడ.
ఒక్క జపమూ గుర్తు రాలేదు.
"అమ్మా" అన్నాను.
ఏ అమ్మను పిలిచానో
నాకు ఇప్పటికీ తెలియదు.

పైకొచ్చి చూసుకుంటే సంచి లేదు,
గీకుడు కత్తి లేదు, ఒక బూటు లేదు,
కుడి మణికట్టు పక్కకు వేలాడుతోంది.
అమ్మ బండమీద వెల్లకిలా పడి ఉంది.
అరచేతుల తోలు తాడుకే అంటుకుని ఉంది.
తాడు చివర ఆమె నడుముకు కట్టి ఉంది.
మేకుకు కాదు. ఆమెకు.
నేను పోతే తానూ నా వెనకే వచ్చేట్టు.
కొత్త తాడు కొన్న రోజునుంచీ అంతేనట.
నాకెప్పుడూ చెప్పలేదు.

"ప్రార్థించావా అమ్మా?"
"తీరికెక్కడిదే. లాగాను."

రాత్రి జపమాలకు కూర్చున్నాం.
ఆమె రెండు చేతులకూ కట్లు, నాకు పిండికట్టు.
పనికొచ్చే చెయ్యి ఇద్దరికీ కలిపి ఒక్కటే.
పూస జరపడం నా వంతు, చదవడం ఆమె వంతు.
నాలుగో పదిలో అమ్మ కునికింది.
కిటికీ అవతల పోటు ఎక్కుతోంది.
అప్పు ఎక్కడిదక్కడే ఉంది.
బ్రైస్ కుర్చీ ఖాళీగానే ఉంది.
గురువారం మళ్ళీ ఆటు బాగా దిగుతుందని
గోడమీద క్యాలెండరు చెబుతోంది.

జపమాల అవతలి కొస
అమ్మ కట్ల మడతల్లో ఎక్కడో చిక్కుకుంది.
ఆమె నిద్ర చెదరకుండా
కొంచెం లాగి చూశాను.

బిగువుగానే ఉంది.