మూడో గడి

"ఆక్సిజన్లు ఎన్ని కావాలి నికనోరా?"
రాత్రి బడిలో మాస్టారు ఎలియుతేరియో
సుద్దముక్క నా చేతిలో పెట్టాడు.
ప్రొపేన్ ఒకటి. అవతల
మూడు కార్బన్ డయాక్సైడ్లు, నాలుగు నీళ్లు.
ఆరూ నాలుగూ పది. జంటలుగా అయిదు.
ఇదో లెక్కా?
ఎల్ ఆల్తో బజార్లో తెల్లవారుజామున
ఊదా మొక్కజొన్న జావ అమ్మి
చిల్లర తిరిగిచ్చే చేతులివి.

అసలు పేచీ ఫెర్మిన్‌తో.
గ్యాసు బండ మీద రెంచితో కొట్టుకుంటూ
వీధి వీధినీ నిద్ర లేపేవాడు.
"బ్యూటేనే మొనగాడు! మోలుకి
రెండువేల ఎనిమిదొందల డెబ్బై ఏడు కిలోజౌళ్లు!"

బండని కిలోల్లో కొంటాం గానీ మోలుల్లో కొంటామా?
యాభై ఎనిమిదితో భాగించాను: గ్రాముకి యాభైలోపే.
ప్రొపేన్ యాభై మీద చిటికెడు.
బక్కపల్చని మీథేన్ యాభై అయిదు దాటేసింది.
స్పిరిటు మాత్రం ముప్పై దగ్గరే చతికిలబడింది,
ఓ ఆక్సిజన్‌ని ముందే కడుపులో దాచుకుని
కొంత కాలిపోయి పుట్టింది పాపం.

మాస్టారు నవ్వలేదు. మూడో గడి గీశాడు.
"వేడిని ఇప్పుడు ఆక్సిజన్‌తో భాగించు."

మీథేన్‌ని రెండుతో: నాలుగొందల నలభై అయిదు.
ప్రొపేన్‌ని అయిదుతో: నాలుగొందల నలభై నాలుగు.
బ్యూటేన్‌ని ఆరున్నరతో:
నాలుగొందల నలభై మూడుకి ఓ వెంట్రుకవాసి తక్కువ.
తప్పేమోనని చేత్తో చెరిపి
మళ్లీ చేశాను.
అవే.
ఫెర్మిన్ ఈల ఆపాడు.

ఏది తగలబెట్టినా
పీల్చిన గాలికి తగ్గ కూలే ఇస్తుందన్నమాట మంట.
సముద్రం లేని దేశం మాది.
అక్కడెక్కడో తీరాన వందపాళ్లు ఊపిరైతే
నాలుగువేల మీటర్ల మీద మాకు అరవై.
పొయ్యికీ అంతే.

మరి నా మంట పసుపుపచ్చగా ఎందుకు ఏడుస్తోందో,
గిన్నె అడుగు రోజూ ఎందుకు నల్లబడుతోందో
ఇంటికెళ్లేదాకా ఆలోచించాను.
మూడేళ్లుగా నేననేది ఒకటే మాట:
ఫెర్మిన్ బండలో సగం మోసం.

నాలుగింటికి, వేళ్లు కొంకర్లు పోతుంటే,
తలపిన్నుతో బర్నరు గాలి కన్నాల్లో మసి గీకాను.
మంట కాసేపు తటపటాయించి
నీలంగా కూచుంది.

రెంచి చప్పుడు దగ్గరికొచ్చింది.
పిలిచి ఒక కప్పు పోశాను, చక్కెర ఎక్కువేసి.
డబ్బులు తీయబోతే వద్దన్నాను.
ఎందుకో చెప్పలేదు.
వాడు రెండోసారి అడగలేదు,
పొయ్యి కేసి చూసి, తాగి,
ఖాళీ బండ భుజాన వేసుకుని వెళ్లాడు.