అరవై ఎనిమిది

రెండు మార్కులు.
బియ్యంలో రాయి ఏరినట్టు
బోర్డు నా పేరు ఏరి పక్కన పెట్టింది.

మళ్ళీ మనీలా, మళ్ళీ సంపలోక్ వీధి,
మే నెల ఉక్క, చేతిలో కరపత్రాల కట్ట.
ఇక్కడ గోడ కనబడదు, గోడలన్నీ ముఖాలే.
మొదటి ర్యాంకు ముఖం, ఏడో ర్యాంకు ముఖం,
టార్పాలిన్ నిండా పలకలంత పళ్ళు.
ఒకే కుర్రాడు, బటంగాస్ వాడట,
మూడు సెంటర్ల గోడల మీదా నవ్వుతున్నాడు.
ఎక్కడ చదివావు నాయనా, నాకైనా నిజం చెప్పు.

మొదటి చోట కౌంటర్లో పిల్ల
అరచేతిలో వైకుంఠం చూపించింది:
తప్పితే డబ్బు వాపస్.
షరతులు వెనక పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో.
రెండోది ఆన్‌లైన్. చవక.
మా గదిలో ఆరుగురం, ఫ్యాను ఒకటి,
నెట్ వచ్చేది ఒక్క కిటికీ దగ్గరే,
ఆ కిటికీ నెనీతాది.

మూడోది అందరూ పొమ్మన్నది.
నాలుగో అంతస్తు, మూడు వందల కుర్చీలు,
మోకాలికి మోకాలు.
మైకులో మేష్టారు ముప్పై సెకన్ల చిట్కా చెప్పాడు:
లెక్క చెయ్యకండి,
జవాబులే ఒక్కొక్కటీ పెట్టి చూడండి, ఏది అతుకుతుందో.
చప్పట్లు. నేనూ కొట్టాను.

దిగుతూ మూడో అంతస్తులో చెప్పు తెగి ఆగాను.
తలెత్తితే దూలం.
నడిమి భాగంలో వెంట్రుకంత పగులు, సరే, ఉంటుంది.
స్తంభం దగ్గర ఇంకోటి, ఏటవాలుగా.
అది నాకు నచ్చలేదు.
కరపత్రం వెనక రాశాను:
మూడు వందల మంది, మనిషికి అరవై కిలోలు,
సంచులు, కుర్చీలు, ఆ చప్పట్లు.
కాపురాలకని కట్టిన ఇల్లు అది, క్లాసులకని కాదు.
కాకి లెక్కే, ఒప్పుకుంటాను.
కాకి కూడా ఆ కొమ్మ మీద వాలదు.

ఇదే దూలం పోయిన నవంబర్‌లో
ప్రశ్నపత్రంలో కనబడితే చేతులు చల్లబడ్డాయి.

ఆరేళ్ళుగా ఇంజనీర్ కియాంబావ్ ఆఫీసులో
లెక్కలు నావి, ముద్ర ఆయనది.
ముద్ర కొట్టేముందు ఒక్క కాగితమూ తిప్పి చూడడు.
మొదట్లో గర్వంగా ఉండేది, అంత నమ్మకం అని.
ఈమధ్య మా అపార్ట్‌మెంట్లు కలలోకొస్తున్నాయి.

ఆఖరిది లాండ్రీ పక్క సందులో, నేలమట్టం.
గోడ మీద ముఖాల్లేవు, వరద గీతలున్నాయి,
ఒక్కో గీతకీ పెన్సిల్‌తో తేదీ.
క్రిసాంతో ఇలాగన్, డెబ్బై దాటిన మనిషి,
చొక్కా జేబు నిండా సుద్ద.
ఎంతమంది పాసయ్యారు సార్?
"రాసుకోలేదమ్మా. మళ్ళీ రాకపోతే పాసయ్యారనుకుంటాను."
నెనీతా పడీపడీ నవ్వింది:
విసిగిపోయి మానేసినవాళ్ళూ రారు కదే!
నిజమే. ఆ మాట నాకూ తట్టింది.

ఆయనొక లెక్క ఇచ్చాడు. చేశాను.
తప్పో ఒప్పో చెప్పలేదు.
"ఎక్కడ అనుమానమొచ్చింది?" అన్నాడు.
నాలుగో వరస చూపించాను.
ఆ వరస కింద గీత గీసి,
సాయంత్రం దాకా ఆ ఒక్క వరస దగ్గరే కూర్చోబెట్టాడు.

బయటికొచ్చేసరికి వాన.
చేప ఉండల బండికి పైకప్పు
పోయినేటి మొదటి ర్యాంకు టార్పాలిన్.
ఆ పిల్ల బుగ్గలో నీళ్ళు నిలిచి వేలాడుతుంటే
బండివాడు కింద నుంచి కర్రతో పొడుస్తున్నాడు.
కారం సాస్‌లో ముంచుకుని నాలుగు తిన్నాను.
ఐదోది తినకుండానే వెనక్కి నడిచాను.

మొదటి వాయిదా కట్టాను.
రసీదులో మకరాయెగ్ అన్న ఇంటిపేరులో
ఒక అక్షరం మింగేశాడు ముసలాయన.
చెప్పాను.
కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివాడు.
తప్పును ఒకే గీతతో కొట్టి, పైన సరిగ్గా రాసి,
పక్కన పొడి సంతకం చేసి
తేదీ వేశాడు.